పలిస గుంపు, జొన్న చేను

క్రీస్తు శకం 1వ శతాబ్దంలో రోమన్ పండితుడు ప్లినీ రాసిన ప్రకృతి చరిత్రలో పక్షుల గురించిన భాగంలో ఒక చిన్న ముచ్చట ఉంది. మిడతలు పైరును తినేస్తుంటే తూర్పు దేశపు కొండ ప్రాంతం ఒకదానిలో జనం జూపిటర్ దేవుడికి మొరపెట్టుకుంటారట. అప్పుడు సెల్యూసిడ్ అనే పక్షులు దిగి మిడతల్ని తుడిచిపెడతాయట. అవి ఎక్కడి నుంచి వస్తాయో, ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదనీ, అవసరం పడితే తప్ప కంటికి కనబడవనీ ప్లినీ రాశాడు. ఈ పక్షి గులాబీ గోరింకేనని తర్వాతి పండితులు చాలామంది పోల్చుకున్నారు. పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత దక్కను పీఠభూమి మీద వాల్టర్ ఎలియట్ అనే కంపెనీ ఉద్యోగి ఇదే పక్షి గురించి మరో రకం సంగతి రాసుకున్నాడు. తెల్లజొన్న చేలల్లో రైతు ఎంతోమంది కాపలా మనుషుల్ని పెట్టుకోక తప్పదనీ, లేకపోతే ఈ గుంపులు కంకుల్ని ఖాళీ చేస్తాయనీ ఆ సంగతి. ఒకచోట రమ్మని దేవుడికి మొక్కు, మరోచోట పొమ్మని వడిసెల రాయి. పక్షి మారలేదు, దాని గుంపు గుణమూ మారలేదు. మారింది కింద ఉన్న పైరు, ఆ పైరును పెంచే మనుషుల పొందిక. గులాబీ గోరింకకు మన నేల మీద పడిన దొంగ పేరు వెనక ఉన్న చరిత్ర పక్షిది తక్కువ, జొన్నది ఎక్కువ. ఈ వ్యాసం చెప్పదలచింది అదే.

ముందు పేర్ల సంగతి. మద్రాసు సైన్యంలో డాక్టరుగా ఉండి, నెల్లూరులోనూ కొంతకాలం పనిచేసిన టి.సి. జెర్డన్ 1862-64 మధ్య వెలువడిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో ప్రతి పిట్టకూ దేశభాషల పేర్లు కూర్చాడు. ఈ పక్షికి ఆయన తెలుగులో విన్న పేర్లు పలిస, పరికి పిట్ట. తమిళంలో దీన్ని చోళక్కురువి అంటారు, అంటే జొన్నపిట్ట. దక్కనులో ఉన్న ఇంగ్లీషువాళ్లూ దీన్ని జొన్నపిట్ట అనే పిలిచారు. ఉత్తరాన తిలియర్ అన్నారు, గులాబీ మైనా అన్నారు. అరబ్బు దేశాల్లో సమర్మర్. స్టార్లింగ్ కుటుంబంలోదే, మన గోరింకకు దాయాది. తల, మెడ, రెక్కలు, తోక నల్లగా నిగనిగలాడతాయి. వీపు, పొట్ట లేత గులాబీ రంగు. మగపిట్టకు నెత్తిన వేలాడే జుట్టు. చలికాలంలో మన దగ్గర ఉన్నప్పుడు ఆ గులాబీ మీద గోధుమరంగు దుమ్ము పట్టినట్టుంటుంది. లేత పిట్టలైతే మట్టిరంగులోనే ఉంటాయి. అందుకే చేనులో దిగిన గుంపును చూసి గులాబీ అనిపించదు. పేర్లలో రంగును పట్టుకున్నవీ ఉన్నాయి, తిండిని పట్టుకున్నవీ ఉన్నాయి. తమిళంలోనూ దక్కను ఇంగ్లీషువాళ్ల నోటా నిలిచినవి మాత్రం తిండి పేర్లే.

పశ్చిమాసియాలో ఈ పక్షి తిండి పేరు మిడత. అక్కడి రైతుకు దీని మీద ఉన్న భక్తి కేవలం మాట వరసకు కాదు. 18వ శతాబ్దం చివర సిరియాలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు వోల్నే, సమర్మర్ గుంపులు మిడతల వెంట పడి తిన్నన్ని తిని, తినలేనివాటినీ చంపేస్తాయనీ, అందుకే రైతులు దాన్ని గౌరవిస్తారనీ, దాని మీద తుపాకి పేల్చనివ్వరనీ రాశాడు. అలెప్పో నుంచి పర్షియా దాకా ఇంకొక ఆచారం ఉండేది. పర్షియాలోని ఒక ఊట నుంచి నీళ్లు తెచ్చి మిడతలు పడిన ఊళ్లో వేలాడదీస్తే, ఆ నీళ్ల వెంట ఈ పక్షులు వస్తాయని నమ్మకం. దారిలో ఆ కుండ నేలకు తగలకూడదు, ఇంటి కప్పు కిందికి పోకూడదు. నగర ద్వారం గుండా తేవడానికి వీల్లేక గోడ మీదుగా దాటించేవాళ్లని యాత్రికులు రాశారు. ఇది మూఢనమ్మకం కాదా అంటే, నీళ్లు పక్షిని పిలుస్తాయనడం నిస్సందేహంగా మూఢనమ్మకమే. ఆ నమ్మకం చుట్టూ ఉన్న గమనిక మాత్రం మూఢమైనది కాదు. మిడత పుట్టిన చోటికి ఈ పక్షి గుంపులుగా వస్తుంది, వచ్చినప్పుడు దాన్ని కొట్టకూడదు అన్న రెండు నిజాలను ఆ కుండ తరతరాలు మోసింది. చైనా ప్రభుత్వం 1980ల నుంచి షిన్‌జియాంగ్ గడ్డిమైదానాల్లో రాళ్ల కుప్పలు పోసి, గూళ్లు కట్టించి ఇదే పక్షిని మిడతల మీదికి దించుతోంది. కుండ బదులు రాళ్లు వచ్చాయి, లోపలి గమనిక అదే.

అయితే మిడతలు తినే ఆ పక్షి మన జొన్న మీద ఎందుకు పడుతుంది? జవాబు దాని సంవత్సరంలో ఉంది. తూర్పు యూరప్ నుంచి మధ్య ఆసియా మీదుగా పశ్చిమ చైనా దాకా పరుచుకున్న గడ్డిభూముల్లో ఇది మే, జూన్ నెలల్లో గుడ్లు పెడుతుంది. రాళ్ల సందుల్లో, పాడుబడ్డ గోడల్లో వేల జంటలు ఒకేచోట కాపురం పెడతాయి. పిల్లలకు పెట్టేది ముఖ్యంగా మిడతలే. ఎక్కడ మిడతలు పుష్కలమైతే ఆ ఏడాది కాపురం అక్కడే. పోయిన ఏడు కిటకిటలాడిన చోటు ఈ ఏడు బోసిపోవచ్చు. 1875లో ఇటలీలోని విల్లాఫ్రాంకా కోటలో ఉన్నట్టుండి వేల పక్షులు దిగి గూళ్లు పెట్టి, పిల్లలు ఎగరగానే మాయమైపోయాయి. ప్లినీకి వాటి రాకపోకలు అంతుపట్టకపోవడంలో వింత లేదు. పిల్లలు రెక్కలు తొడగడంతోనే ప్రయాణం మొదలు. జులై, ఆగస్టు నాటికే ముందు గుంపులు మన దేశంలో దిగుతాయి. తిరిగి వెళ్లేది ఏప్రిల్‌లో. అంటే ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడే. వలసపిట్టను చుట్టం అని పిలుస్తున్నాం కానీ, ఈ చుట్టం తన ఇంట్లో గడిపే రోజుల కన్నా మన ఇంట్లో గడిపే రోజులే ఎక్కువ. పిల్లల బాధ్యత తీరిన పక్షికి ఇక్కడ మిడత ఒక్కటే తిండి కాదు. పురుగు, పండు, పూలలోని తేనె, గింజ, ఏది దొరికితే అది. దక్కనులో శీతాకాలపు జొన్న పాలు పోసుకునే రోజులు సరిగ్గా ఆ కాలంలోకే వస్తాయి.

ఆ చేలో ఏం జరిగేదో ఎలియట్ మాటల్ని బట్టి దగ్గరగా చూడవచ్చు. ఈ ఎలియట్ అనామకుడు కాడు. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించి శిల్పాలను మద్రాసుకు చేర్చినవాడు, ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను ఏర్చి కూర్చి 1859లో ఫ్లోరా ఆంధ్రికా అనే పుస్తకం అచ్చువేసినవాడు. చూసింది చూసినట్టు రాసుకునే అలవాటు ఉన్న మనిషి. ఆయన ఇచ్చిన వివరాన్ని జెర్డన్ తన గ్రంథంలో చేర్చుకున్నాడు. సూర్యుడు నేలగట్టు మీద తల ఎత్తగానే గుంపులు గాల్లోకి లేస్తాయి. ఆ క్షణంలోనే నాలుగు దిక్కుల నుంచీ కేకలు, అరుపులు, పొడుగాటి తాళ్లను చెళ్లున విదిలించే చప్పుళ్లు మొదలవుతాయి. వడిసెలలు తిరుగుతాయి. అయినా కంకి మీద ఒక్క క్షణం వాలితే చాలు, పక్షి కొన్ని గింజలు తీసుకునే పోతుంది. తొమ్మిది, పది గంటలకు కాపలా సద్దుమణుగుతుంది. మళ్లీ సాయంత్రం దాకా పక్షులు రావు. పొద్దు గూకాక వేలకు వేలుగా చెట్ల తోపులకు రాత్రి మకాం పోతాయి. వాటికి బాగా ఇష్టమైనది సగం పండిన గింజ, లోపల పిండి ఇంకా మెత్తగా పాలలా ఉన్నప్పుడు. ఆ దశలోని కంకినే మనవాళ్లు నిప్పుల మీద కాల్చి, నలిపి ఊచబియ్యం అని తింటారు. రైతు ఇంట పిల్లలు ఏ వారం కోసం ఎదురుచూస్తారో పలిసలూ ఆ వారం కోసమే ఎదురుచూశాయి. గొడవకు మూలం ఇద్దరి నాలుకలకూ ఒకే రుచి తెలియడమే.

ఈ వర్ణనలో కాపలావాళ్ల కేకలు ఒకే క్షణంలో, అన్ని దిక్కుల నుంచీ లేచాయన్న వివరం సులువుగా దాటిపోయేదే, కానీ చేల రక్షణ కిటుకు దానిలోనే ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే పక్షి గుంపు ఎలా నడుస్తుందో తెలియాలి. వేల స్టార్లింగులు ఒకే దేహంలా ఆకాశంలో ముడుచుకుని, విచ్చుకుని, తిరగబడటాన్ని చూసి, ఇంగ్లండులో ఎడ్మండ్ సెలూస్ అనే పరిశీలకుడు వాటి మధ్య ఆలోచనలే నేరుగా ప్రసరిస్తాయేమోనని 1931లో పుస్తకమే రాశాడు. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటర్ నిపుణుడు మూడు చిన్న నియమాలు చాలునని చూపాడు. పక్కవాడిని గుద్దుకోకు, పక్కవాడు పోయే దిక్కుకే పో, పక్కవాళ్లకు దూరం కాకు. రోమ్ నగరంలో చలికాలపు మాపటివేళ రైల్వే స్టేషను మీద తిరిగే మామూలు స్టార్లింగుల గుంపుల్ని పక్కనున్న భవనం మీది నుంచి అనేక కెమెరాలతో ఫొటోలు తీసి, జార్జియో పరిసీ, ఆండ్రియా కవాన్యా తదితర భౌతికశాస్త్రజ్ఞులు 2008లో ఇంకో మాట కలిపారు. ప్రతి పక్షి తనకు దగ్గరగా ఉన్న ఆరేడు పక్షుల్ని మాత్రమే గమనిస్తుంది, అవి ఎంత దూరంలో ఉన్నా సరే. అందుకే గుంపు పలచబడినా తెగిపోదు. రాయి పడితే విడిపోతుంది, మరుక్షణం కలుస్తుంది. గులాబీ గోరింక వేరే జాతి కాబట్టి రోమ్ లెక్కను అక్షరాలా దీనికి అంటగట్టలేం. కానీ వడిసెల విసిరినవాడికి ఈ గుణం ముందే తెలుసు. గుంపులో పదింటిని చంపినా గుంపు తరగదని ఎరిగే అతను చప్పుడుతో మొత్తం గుంపును లేపే పని చేశాడు.

గుంపు ఎందుకన్న ప్రశ్నకు 1971లో జీవశాస్త్రవేత్త డబ్ల్యూ.డి. హామిల్టన్ ఇచ్చిన జవాబు ఇక్కడ మనకు ఇంకా బాగా పనికొస్తుంది. డేగ వచ్చి ఒక్క పక్షినే పట్టుకుపోతుంది. వెయ్యింటి మధ్య ఉన్న పక్షికి ఆ ప్రమాదం వెయ్యో వంతు. అంచున ఉన్నదానికి ఎక్కువ, ఒంటరిగా ఉన్నదానికి అంతా దానిదే. కాబట్టి ఎవరి స్వార్థం వాళ్లు చూసుకున్నా అందరూ గుంపు మధ్యకే జరుగుతారు. ఈ లెక్కను పక్షి మీద నుంచి తీసి చేను మీద పెట్టి చూడండి. ఒక పలిస గుంపు పొట్టకు పట్టేది ఇంత అని ఉంటుంది. ఊరి చుట్టూ వెయ్యి ఎకరాల జొన్న ఒకే పదును మీద విత్తి, ఒకే పక్షంలో పాలు పోసుకుంటే, ఆ పొట్టకు పోయేది ఎకరానికి గుప్పెడో దోసెడో. ఊళ్లో ఒకే ఒక్క రైతు రెండెకరాలు వేస్తే ఆ పొట్ట మొత్తం నింపవలసింది అతనే. పక్షులు గుంపు కట్టి డేగ నుంచి తప్పించుకున్నట్టే, చేలు గుంపు కట్టి పక్షుల నుంచి తప్పించుకున్నాయి. వెనకటి ఊళ్లలో కార్తెను బట్టి అందరూ ఒకేసారి విత్తడానికి మొదటి కారణం వాన, పదును. కానీ దాని ఫలితాల్లో ఇదొకటి. కాపలా కూడా అంతే. ఒక్క చేలో కేక వేస్తే పక్షి పక్క చేలోకి పోతుంది, నష్టం చేతులు మారుతుంది కానీ తగ్గదు. అన్ని మంచెల మీదా ఒకేసారి కేకలు లేస్తే తెల్లవారుజామున గుంపుకు కాలు మోపే చోటు ఉండదు. అది పురుగు వెంట, పండు వెంట పోతుంది. ఎలియట్ విన్న చప్పుడు ఒక రైతు గొంతు కాదు, ఒక ఊరి పొందిక.

ఆ పొందిక ఎప్పుడు విడిపోయిందో చరిత్ర చూపిస్తుంది. 1960ల చివర దేశంలో జొన్న విస్తీర్ణం దాదాపు 1.8 కోట్ల హెక్టార్లు. ఇప్పుడది 50 లక్షల హెక్టార్ల లోపే. 1964లో తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. పొట్టిగా పెరిగి పాత రకాల కన్నా ముందే కోతకొచ్చే పంట. దిగుబడి పెరిగిన మాట నిజం. కానీ ఒకే ఊళ్లో కొన్ని చేలు ముందూ కొన్ని వెనకా పాలు పోసుకోవడం మొదలైతే, ముందొచ్చిన చేను గుంపు అంచున నిలిచిన పక్షి అయింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి కడుపుకు అది గొప్ప మేలు, జొన్న సంగటి, జొన్నరొట్టె తినే ఇళ్లలో మాత్రం పళ్లెం మారింది. బోరు నీళ్లు, పత్తి, మిరప, మొక్కజొన్న వచ్చి నల్లరేగడిలో జొన్నను గట్ల పక్కకు నెట్టాయి. రబీలో జొన్న వేసినవాడు పత్తి సముద్రంలో ఒక దీవి అయ్యాడు. పలిసలు ఆ దీవి మీదనే దిగాయి. అప్పుడు రైతు అన్న మాట పిట్టల బాధ పడలేక జొన్న మానేశామని. ఆ మాట అబద్ధం కాదు, కానీ వరుస తలకిందులైంది. చేలు తగ్గాయి కాబట్టి ఒక్కో చేను మీద పిట్టలు ఎక్కువయ్యాయి, పిట్టలు ఎక్కువయ్యాయని మిగిలిన చేలూ తగ్గాయి. ఒకటి తగ్గిన కొద్దీ మిగిలినవాటి భారం పెరిగే సుడిగుండం ఇది.

దీనికి ఎదురు చెప్పదగిన మాటలు మూడున్నాయి. మొదటిది, వేల ఎకరాల జొన్న ఉన్నప్పుడు పక్షులకూ తిండి ఎక్కువ, కాబట్టి పక్షులూ పెరిగి ఉంటాయి కదా అనేది. గింజ తిని ఇక్కడే పిల్లల్ని కనే పిచ్చుక విషయంలో ఇది గట్టి వాదనే. కానీ పలిస పిల్లల లెక్క ప్రధానంగా తేలేది ఇక్కడి గింజతో కాదు, మధ్య ఆసియాలో ఆ ఏడు మిడతలు ఎన్ని అన్నదానితో. మనం వెయ్యి ఎకరాలు వేసినంత మాత్రాన కజకిస్తాన్‌లో గూళ్లు వెయ్యి రెట్లు కావు. రెండోది, పాత కాపలాను ఇలా పొగడటం ఎవరి చెమట మీద అన్నది. ఇది నిలిచే అభ్యంతరం. మంచె మీద గొంతు చించుకున్నది ఎక్కువగా పిల్లలు, ఆడవాళ్లు, జీతగాళ్లు. సాతవాహనుల కాలం నాటి హాలుడి గాథాసప్తశతిలో చేను కాపలా స్త్రీలు కనిపిస్తారు, అది శృంగార కవిత్వానికి వస్తువు అయింది కానీ తెల్లవారుజామున మంచులో నిలబడటం శృంగారమేమీ కాదు. మంచె దిగి పిల్లవాడు బడికి పోయినందుకు విచారించవలసిన పని లేదు. నేను వెనక్కి తేవాలంటున్నది ఆ చాకిరీని కాదు, ఒకేసారి విత్తి ఒకేసారి పండించే పొందికను. చేల గుంపు సరిగ్గా ఉంటే మంచె మీద మనిషి పని దానంతట అదే తగ్గుతుంది.

మూడో మాట చాలామంది పక్షి ప్రేమికులు చేసే పొరపాటుకు విరుగుడు. పలిస మిడతల్ని తింటుంది కాబట్టి మన రైతుకు మేలు చేస్తోంది, నాలుగు గింజలు తింటే తిననివ్వాలి అంటారు. ఇది చెల్లదు. అది గుంపులుగా తినే మిడతలు ప్రధానంగా మధ్య ఆసియా గడ్డిభూములవి, మన ఎడారి మిడతల దండుకు వాటితో సంబంధం లేదు. కజక్ రైతుకు జరిగిన మేలుకు రాయలసీమ రైతు గింజలతో బాకీ తీర్చాలనడం న్యాయం కాదు. పక్షి ఇక్కడ చేసే పని వేరే ఉంది, దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. 1931-32లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసిన సాలిం అలీ, ఆ రోజుల్లోనే పూలకూ పక్షులకూ ఉన్న సంబంధం మీద కూడా రాశాడు. మోదుగ, బూరుగ, బాడిస పూసే మాఘ ఫాల్గుణాల్లో తేనె కోసం ముక్కు పెట్టే పలిసల నుదుటికి పుప్పొడి అంటుకుంటుంది, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతుంది. పురుగుల్నీ తింటుంది. ఇది పుణ్యం కోసం చేసే పని కాదు, జొన్న దోచడం పాపమూ కాదు. ఒకే ఆకలి ఒక నెలలో ఒక రకంగా, ఒక నెలలో మరో రకంగా కనబడుతుంది. దాని దాయాది కథ ఇదే చెబుతుంది. 1762లో మన దేశపు గోరింకను మారిషస్‌కు ఎర్ర మిడతల మీద యుద్ధానికి తీసుకుపోయారు. ఒక పురుగును అదుపు చేయడానికి ఇంకో ప్రాణిని సముద్రాలు దాటించిన తొలి విజయాల్లో దాన్ని ఒకటిగా చెప్పుకుంటారు. ఇప్పుడదే గోరింక ప్రపంచంలోని వంద అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో ఉంది. విజయమని మెచ్చుకున్నవాళ్లూ మనుషులే, జాబితాలో ఎక్కించినవాళ్లూ మనుషులే.

విత్తనంతోనే ఈ సమస్య తీర్చాలని శాస్త్రం ప్రయత్నించకపోలేదు. ఎర్రటి, వగరు గింజల జొన్న రకాల్లో టానిన్ ఎక్కువ, పక్షులు వాటిని అంతగా ముట్టవు. చిక్కేమిటంటే ఆ వగరు రొట్టెలోకీ వస్తుంది. పిట్ట వద్దన్న గింజను మనిషీ వద్దంటాడు. వలలు, మెరిసే రిబ్బన్లు, టపాసులు పెట్టి చూశారు. దిష్టిబొమ్మకు అలవాటు పడినట్టే కొన్నాళ్లకు వాటికీ పక్షులు అలవాటు పడతాయి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక జొన్న మీద మళ్లీ మోజు పుట్టింది. ఉత్సాహవంతుడైన రైతు ఒకడు ఎకరమో అరెకరమో వేస్తాడు, కంకి పాలు పోసుకునే వారంలో ఆకాశం నల్లబడుతుంది, మరుసటి ఏడు మళ్లీ పత్తికి పోతాడు. ఆ రైతుకు విత్తనం సబ్సిడీ ఇచ్చి పంపితే అతన్ని గుంపు అంచుకు ఒంటరిగా తోసినట్టే. ఒక చెరువు కింద, ఒక వాగు పక్కన నలభై యాభై మంది ఒకే రకం గింజ ఒకే వారంలో వేసేటట్టు ఊళ్లో కూర్చుని మాట్లాడుకుంటే, విత్తనమూ సబ్సిడీ అలా మొత్తం పట్టీకి కలిపి ఇస్తే, పలిసలు అప్పుడూ వస్తాయి, తింటాయి. తిన్నది నలభై గడపల మధ్య పంచుకుంటే ఏ ఒక్క గడపకూ కనబడనంత అవుతుంది. పొద్దున్నే ఒకటి రెండు కేకలు చాలు. ఏప్రిల్‌లో ఆ గుంపు ఉత్తరానికి తిరుగుముఖం పట్టే నాటికి జొన్న కల్లానికి చేరి ఉంటుంది.